నడిచి చూసిన మూడు ఊళ్లు

మా పేట గ్రంథాలయంలో యాత్రల పుస్తకాలకు ఒక అర ఉంది. కిటికీ పక్కన, కింది నుంచి రెండోది. పదో తరగతితో బడి మానేశాక నేను నేర్చుకున్నదంతా ఆ గదిలో ఫ్యాను కిందే. ఆ అరలో నేను చదవని పుస్తకం లేదని గట్టిగా చెప్పగలను. కాశీ వెళ్లినవాళ్లు రాశారు, హిమాలయాలు ఎక్కినవాళ్లు రాశారు, ఓడల్లో దేశాలు తిరిగినవాళ్లు రాశారు. పదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని, ఆర్టీసీ బస్సులో, అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిన మనిషి రాసిన పుస్తకం మాత్రం ఒక్కటీ కనబడలేదు. అలాంటిదొకటి దొరికి ఉంటే జమ్మలమడుగులో నేను చేసిన తప్పు చేసి ఉండేదాన్ని కాదు. నా తర్వాత వెళ్లే మనిషికైనా అక్కరకొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. నేను జాకెట్లు కుడతాను. పెళ్లయిన ఆరేళ్లకు నేనూ నా భర్తా విడిపోయాం. ఆయన అదే ఊళ్లో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల, వేరే సంసారంతో ఉన్నారు. మా అమ్మాయి మేఘన ఐదో తరగతి పూర్తిచేసింది. ఈ వేసవిలో ఇంటి యజమాని అద్దె పదివేలు చేశారు. ఇష్టం లేకపోతే బడులు తెరిచేలోపు ఖాళీ చేయమన్నారు. కుట్టుమిషను ఎక్కడ పెట్టినా తిరుగుతుంది కదా, పేట ఎందుకు, ఊరే మారుద్దామనుకున్నాను. గ్రంథాలయంలో పాత జిల్లా పుస్తకాలు తిరగేస్తే కడప జిల్లా దగ్గర నా వేలు ఆగింది. పెన్నా ఒడ్డు, బట్టల వ్యాపారం, తక్కువ అద్దెలు. అద్దెల సంగతి పుస్తకంలో లేదు, అది మా వీధి చీరలాయన చెప్పాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అని మూడు పేర్లు రాసుకున్నాను.

మాకు కారు లేదు, స్కూటీ లేదు, నాకు సైకిలు కూడా రాదు. అందుకని మేఘన నోటుబుక్కులో ప్రతి ఊరికీ నాలుగు గళ్లు గీసింది: బడి, బజారు, ఆసుపత్రి, గ్రంథాలయం. ఇంటి నుంచి నాలుగింటికీ నడిచి వెళ్లగలగాలి. ఉత్త చేతులతో నడిస్తే ఏ ఊరైనా దగ్గరే కనుక, మేఘన బడిసంచీ నిండా పాత పుస్తకాలు కుక్కి తెచ్చాం. ఆ సంచీ తగిలించుకుని పిల్ల ఎక్కడ "కాళ్లు నొప్పి" అంటే అక్కడికి మా ఊరి పొలిమేర అన్నమాట.

బుధవారం: ప్రొద్దుటూరు కారం

ప్రొద్దుటూరులో మొదట మమ్మల్ని పలకరించింది కారం. బస్టాండు దగ్గర నరసమ్మ అనే ఆవిడ పెనం మీద దోసె పోసి, దాని మీద వెల్లుల్లి వేసి నూరిన ఎర్రకారం గోడకు సున్నం కొట్టినట్టు పూసింది. పైన పప్పుల పొడి. మా గుంటూరు మిరపకాయలకు పేరు మోసిన ఊరే, అయినా మేం వాటిని బస్తాల్లో అమ్ముతాం గానీ పొద్దున్నే దోసెకు పూసుకోం. రెండో ముక్కకే మేఘన కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"ఏంది పాపా, దోసెకే ఏడుస్తే ఎట్ల? మీయమ్మ ఈ ఊర్లో కాపరం పెడ్తాదంట!" అని నరసమ్మ నవ్వి, రెండో దోసె మీద కారం తీసేసి వెన్న వేసింది. "ఈ నెల వెన్న. వచ్చే నెల సగం కారం. దసరాకంతా మా పిల్లవైపోతావు."

రెండు దోసెలకు డెబ్బై రూపాయలు.

మా వైపు బంగారం అంటే అద్దాల మేడ, తలుపు దగ్గర తుపాకీ మనిషి. ఇక్కడ సందు సందంతా కిళ్లీకొట్టంత అంగళ్లు. ఒక్కో దాంట్లో పరుపు మీద ఒక మనిషి, ముందు చిన్న త్రాసు, వెనక నుంచి సుత్తి చప్పుడు. మేఘన లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దాటాక విసుగొచ్చి మానేసింది. బట్టల బజారులో కొండయ్య అనే వ్యాపారి నా మొహం చూడకుండా నా జాకెట్టు మెడ చూశాడు.

"ఈ మెడ నువ్వే తిప్పినావా అమ్మా?"

"నేనేనండీ."

"ఈడ కుట్టేవోళ్లు శానామంది ఉండారు. ఇట్ల తిప్పేవోళ్లు తక్కువ. ఇల్లు చూస్కోని రా, పని నేనిస్తా."

మధ్యాహ్నం పన్నెండుకు నడక పరీక్ష పెట్టాం. అంగళ్ల ముందు పరదాలు కట్టి ఉన్నాయి, ఒక నీడ నుంచి ఇంకో నీడకు గెంతుతూ బడి నుంచి గ్రంథాలయం దాకా వెళ్లిపోయాం. మేఘన కాళ్ల మాటే ఎత్తలేదు. గ్రంథాలయంలో చంద్రమౌళి సార్ అనే ఆయన ఉన్నారు. నేను జిల్లా పాత పుస్తకం అడిగితే కళ్లజోడు సర్దుకుని నన్నే చూశారు. "ఇది అడిగిన మనిషిని నేను ఈడికొచ్చినాక ఇప్పుడే చూస్తాండా" అని, తువ్వాలుతో దుమ్ము దులిపి చేతికిచ్చారు. నేను మా ఊళ్లో అదే పుస్తకం చదివానని చెప్పి, పెన్నా గురించి నాకు తెలిసిందంతా గడగడా ఒప్పజెప్పాను. మేఘన నా చీర కొంగు లాగే దాకా ఆపలేదు.

నాలుగు గళ్లూ నిండాయి. ఇల్లు దొరకలేదు.

'బాడుగకు ఇవ్వబడును' అని బోర్డున్న మూడు ఇళ్లు ఎక్కి దిగాం. నాలుగు వేల లోపే చెప్పారు. మూడు చోట్లా నీళ్లిచ్చారు, మూడు చోట్లా ఒకే ప్రశ్న: "మీ ఆయన ఏం చేస్తాండాడు?" విడిపోయామని చెప్పగానే మొదటి ఇల్లు నిన్ననే ఎవరికో మాటిచ్చిన ఇల్లయింది. రెండో ఇంటివాళ్లకు చుట్టాలు వస్తున్నారు. మూడో ఇంటి పెద్దాయన మాత్రం ముసుగు లేకుండా చెప్పాడు. "మొగదిక్కు లేని మనుషులకు ఇయ్యం తల్లీ. రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది మేము." మేం వీధి మలుపు తిరిగే దాకా ఆ బోర్డు అలాగే వేలాడుతూ ఉంది.

గురువారం: బస్సులో దొరికిన సలహా

జమ్మలమడుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇస్తాడు. మేఘన ఆ సున్నాలన్నీ నోటుబుక్కులో అంటించింది. మా పక్కన ఓబులమ్మ అనే పెద్దావిడ చింతపండు మూటతో కూర్చుంది. ముందు మేఘన సంచీ బరువు చూసి ఆశ్చర్యపోయింది, తర్వాత మా కథంతా రాబట్టింది.

"మొగుడు ఇడిసిపెట్టినాడని నువ్వెందుకు చెప్తివి మే?" అంది. "అడిగినోళ్లకంతా అదే చెప్పుకుంటా పోతే నీకు ఇల్లిచ్చేదెవురు?"

"మరేం చెప్పను పెద్దమ్మా?"

"కువైట్‌లో ఉండాడని చెప్పు. ఈ పక్క ఏ ఈదిలో చూసినా ఒకడు ఆడ ఉంటాడు. ఆ మాట ఇంటే ఎవురూ రెండో మాట అడగరు. నెల నెలా దుడ్లు వస్తాయని ఇల్లు గూడా బిరీన ఇస్తారు." ఓబులమ్మ నవ్వింది. "మా యల్లుడు నిజంగానే ఉండాడులే ఆడ. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

స్థానికుల మాట వినమని నేను చదివిన యాత్రికులందరూ రాశారు. మేఘన కిటికీ వైపు తిరిగి ఉంది, వినలేదనుకున్నాను.

జమ్మలమడుగు: రెండు కేజీల చోటు

ఊరి అంచున పెన్నాలో ఇసుకే ఎక్కువ, నీళ్లు అక్కడక్కడా. ఇక్కడి నుంచి గండికోట దగ్గరే. అక్కడి లోయ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మేఘన అడిగింది. ముందు ఇల్లు, తర్వాత కోట అన్నాను.

ఇల్లు గంటలో దొరికింది. రామసుబ్బమ్మ అని నలభై ఏళ్ల ఆవిడ. కింద తనుంటుంది, మిద్దె మీద ఒక గది, వంటకు చిన్న వసారా, బయటి నుంచి మెట్లు. రెండు వేల ఎనిమిది వందలు. బడి కనుచూపు మేరలో ఉంది.

"మీ ఆయన ఏం చేస్తాండాడు?"

"కువైట్‌లో ఉన్నారు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆవిడ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "అట్లనా! మాయాయన గూడా ఆడనే! ముందే చెప్పకూడదా, రా, లోపలికి రా." మజ్జిగ వచ్చింది. వెనకే రాగిసంగటి ముద్దలు, మేం పల్లీలనే చెనక్కాయల చట్నీ వచ్చాయి. మా ఇంట్లో రాగులంటే జ్వరం వచ్చినప్పుడు తాగే జావే. ఇక్కడ వేడి ముద్దకు మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. మేఘన వేళ్లు కాల్చుకుంటూ రెండోది అడిగింది. అద్దె రెండున్నర వేలకు దిగింది. అడ్వాన్సు ఇవ్వబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అడ్వాన్సు యాల? మన కష్టం ఒకటే గదా."

రెండో ప్రశ్న రాదని ఓబులమ్మ చెప్పింది గానీ, అలా జరగలేదు. వరసగా వచ్చాయి. ఎన్నేళ్లయింది? డ్రైవరు పనా, ఇంట్లో పనా? శుక్రవారం సెలవు ఇస్తారా, ఫోను చేస్తాడా? పోయినసారి ఎన్ని నెలలకు వచ్చాడు? నేను ప్రతిదానికీ ఆవిడ తల ఊపే జవాబు చూసుకుని చెబుతూ పోయాను. పుస్తకాల్లో ఎడారుల గురించి చాలా చదివాను గానీ, అక్కడ పనిచేసే మనిషి భార్య ఏ వారం దేని కోసం కాచుకుంటుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడకు అదంతా కంఠతా వచ్చు.

అప్పుడు మంచం కింద నుంచి పెద్ద అట్టపెట్టె బయటికి లాగింది. వీధిలోవాళ్లు ఎవరు కువైట్ వెళ్తున్నా మిగిలిన ఇళ్లవాళ్ల పొట్లాలు తీసుకెళ్లాలట. అక్కడ దిగాక వాళ్ల మనుషులు వచ్చి తీసుకుంటారు. కాదనే ఆనవాయితీ లేదు. విమానంలో బరువుకు హద్దుంటుంది కనుక ఇన్ని కేజీలు ఒకరికి, ఇన్ని కేజీలు ఇంకొకరికి అని ముందే పంచుకుంటారు. పెట్టెలో చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, మోకాళ్ల మాత్రలు, ఒక పసిబిడ్డ ఫోటో ఉన్నాయి. ప్రతి పొట్లం మీదా అట్టముక్క, దాని మీద పేరూ ఫోను నంబరూ.

"మా మరిది ఎల్లుండి సాయంత్రం పోతాండాడు" అంది రామసుబ్బమ్మ. "నా వంతు నాలుగు కేజీలు. రెండు నీకు ఇడుస్తా. మీ ఆయనకు ఏమిష్టమో చేసి పంపు. నా పొయ్యి మీదనే చేస్కో." నేను వద్దంటున్నా వినకుండా ఒక అట్టముక్కా నల్ల మార్కరూ మేఘన చేతిలో పెట్టింది. "పాపా, మీ నాయన పేరు రాయి. కింద నంబరు రాయి."

మేఘన మార్కర్ మూత తీసింది. ఆగింది. నా వైపు చూసింది.

వాళ్ల నాన్న నంబరు దానికి నోటికొచ్చు.

"నంబరు మారిందక్కా, కనుక్కుని శనివారం పొద్దున వస్తాం" అన్నాను. మేఘన మూత పెట్టేసి మార్కర్ మంచం మీద పెట్టింది. గడప దాటుతుంటే వెనక నుంచి రామసుబ్బమ్మ, "మర్చిపోవాకు, నీ చోటు ఖాళీగానే పెడతా!" అని కేకేసింది.

శుక్రవారం: పులివెందుల ఎండ

ఇల్లు దొరికాక పులివెందుల ఎందుకు వెళ్లానని మీరు అడగవచ్చు. ఆ ఇంటి నుంచి దూరంగా ఉండాలనిపించి వెళ్లాను.

పులివెందుల చక్కటి ఊరు. రోడ్లు విశాలం, మధ్యలో చెట్లు. బస్టాండులో చీనీకాయలు గుట్టలు పోసి ఉన్నాయి. మేం బత్తాయిలనేవే. మా ఊళ్లో అవి లారీ దిగి వచ్చేసరికి ఎండిపోయి ఉంటాయి, ఇక్కడ తోటలోంచి నేరుగా వస్తాయి కాబట్టి ఒక్క కాయ పిండితే గ్లాసు నిండింది. రసం తాగుతూ కూర్చున్నాం. పక్క బెంచీ మీద ఒకావిడ ఫోను ఎదురుగా పట్టుకుని, ఒళ్లోని బిడ్డ చేత తెరకు ముద్దు పెట్టిస్తోంది. అవతల గడ్డం మనిషి నవ్వుతున్నాడు. శుక్రవారం కదా.

మేఘన చాలాసేపు వాళ్లనే చూసి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అమ్మా, బళ్లో చేరాక కూడా నాన్న కువైట్‌లోనే ఉంటారా?"

నేను గ్లాసు అడుగున మిగిలిన రసం తాగాను.

"నా స్నేహితురాళ్లకు కూడా అదే చెప్పాలా? ఎన్నో క్లాసు దాకా?"

బస్టాండులో అందరూ మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ చూడటం లేదు. సంచీ నేనే భుజాన వేసుకుని లేచాను.

ఆ రోజు ఇంకో ఇల్లు చూశాం. రెడ్డెప్ప సార్ అని రిటైరైన ఉపాధ్యాయుడిది. ఆయన ఆ ప్రశ్న అడిగినప్పుడు మేఘన పక్కకు తిరిగి గోడ చూస్తూ నిలబడింది. "విడిపోయాం సార్" అన్నాను.

"అట్లనా. నీళ్లు దినం తప్పి దినం వస్తాయి, డ్రమ్ము పెట్టుకోవాల" అన్నారాయన. అంతే. నేను మూడు రోజులుగా మోస్తున్నది ఆయన చేతిలో ఏ బరువూ లేకుండా దాటిపోయింది. ఇల్లూ బాగుంది, అద్దె రెండు వేలు. అయితే అది ఊరి చివర కొత్త కాలనీ. బడికి సంచీతో నడిచాం. విశాలమైన రోడ్డు మీద నీడ ఎక్కడా పడదు. సగం దూరంలో మేఘన కాళ్లు నొప్పి అనలేదు, కూలబడింది. గ్రంథాలయం మూసి ఉంది. శుక్రవారం సెలవని ఈ రాష్ట్రంలో అందరికంటే ముందు తెలియాల్సింది నాకే.

వెనక్కి వచ్చి చెబితే రెడ్డెప్ప సార్ ఒప్పుకున్నారు. "నిజమేలే తల్లీ. బండి ఉంటే పది నిమిషాలు. బండి లేనోళ్లకు ఇది శానా దూరం." పిల్లకు ఆరు చీనీకాయలిచ్చి పంపారు.

రామసుబ్బమ్మ పెట్టెలో రెండు కేజీల చోటు ఖాళీగా ఉందన్న సంగతి ఆ రాత్రంతా లాడ్జి గదిలో నన్ను వదల్లేదు.

శనివారం: మళ్లీ జమ్మలమడుగు

నేరుగా గుంటూరు బస్సెక్కి వెళ్లిపోవచ్చు. ఆవిడకు నా ఊరు తప్ప ఏమీ తెలియదు. మేఘన సున్నా టికెట్లు అంటించుకుంటూ, "జమ్మలమడుగుకు ఇంకోటి వస్తుందా?" అని మాత్రం అడిగింది. వస్తుందన్నాను.

రామసుబ్బమ్మ పెట్టెకు తాడు కొలుస్తోంది. "తెచ్చినావా?" అంది.

"అక్కా, మేఘన వాళ్ల నాన్న కువైట్‌లో లేరు. గుంటూరులోనే ఉన్నారు. మేం విడిపోయాం. ఇల్లు ఇవ్వరేమోనని అబద్ధం చెప్పాను."

ఆవిడ చేతిలో తాడు ఆగింది. నన్ను చూడకుండా పెట్టెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పద్మావతమ్మ ఊరగాయ తెస్తే చోటు లేదని ఎనక్కి పంపిస్తి. ఆయమ్మ కొడుక్కు అది లేకుంటే ముద్ద దిగదు. నీ కోసమని పంపిస్తి."

"తప్పయింది."

"పదకొండేండ్లు మే. ఈ పదకొండేండ్లల్లో ఆ మనిషి ఈ ఇంట్లో ఉండింది అంతా కలిపినా ఏడాది గాదు. ఆ ఊరి పేరు ఇంటే నాకు ఈడ కలుక్కుమంటాది." గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు అది ఇల్లు దొరికే మాటనా?"

చదివినదేదీ సాయానికి రాలేదు. మేఘన మాత్రం, "ఆ మామ్మ ఇల్లెక్కడ? నేను పిలుచుకొస్తా" అంది. రామసుబ్బమ్మ చెయ్యి చూపించింది. కాసేపటికి పద్మావతమ్మ అనే ముసలావిడ సీసా పట్టుకుని మేఘన వెనకే పరుగు లాంటి నడకతో వచ్చింది. ఆవిడకు రాయడం రాదు. కొడుకు పేరూ నంబరూ చెబుతుంటే మేఘన అట్టముక్క మీద గుండ్రంగా రాసింది. రాసింది చదివి వినిపించింది. ముసలావిడ, "ఇంగోసారి చదువు పాపా" అంది.

పెట్టె మూశారు. నేను వెళ్లొస్తానన్నాను.

"నా రూము ఇయ్యను" అంది రామసుబ్బమ్మ. "పొద్దన లేస్తే నీ మొగమే చూడాల. చూస్తే ఇదే గుర్తొస్తాది." మళ్లీ వెంటనే, "కూచో. సంగటి తిని పో" అంది.

మేం తింటుంటే ఆవిడ ఫోను తీసింది. ప్రొద్దుటూరులో ఉండే అక్క ఈశ్వరమ్మకు. ఆమె భర్తా కువైట్‌లోనే.

"అక్కా, నీ ముందరి పోర్షను ఖాళీనే గదా? ఒకామె వస్తాది, ఇయ్యి. జాకెట్లు కుడతాది. మొగుడు లేడు, ఇడిసిపెట్టినాడు... మొగదిక్కా? యాడుండాది మే మొగదిక్కు? నీకుండాదా, నాకుండాదా? మనకుండేది ఫోన్లోనే గదా!" అవతల ఈశ్వరమ్మ నవ్వు మాకూ వినబడింది. "అబద్ధమా? ఆడింది, నాకాడ. మళ్లా ఆమే వచ్చి ఒప్పుకునింది. ఒకసారి అయిపోయింది, ఇంగ ఆడదులే."

వచ్చాక

ఇది ప్రొద్దుటూరులో, ఈశ్వరమ్మ గారి ముందు పోర్షనులో కూర్చుని రాస్తున్నాను. మూడున్నర వేలు. బడి ఎనిమిది నిమిషాలు, బజారు ఐదు, ఆసుపత్రి పన్నెండు, గ్రంథాలయం ఏడు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరుండే గడిలో పేరు, చిరునామా గడిలో గుంటూరు అని మేఘనే రాసింది. ఈశ్వరమ్మ నన్ను ఇంతవరకు ఒక్కటే అడిగింది, చేతికుట్టు జాకెట్టుకు ఎంత తీసుకుంటావని. గండికోట ఇంకా చూడలేదు.

దోసె మీద వెన్న వేసిన నరసమ్మకు, నా మెడ పనిని గుర్తించిన కొండయ్యకు, దుమ్ము దులిపి పుస్తకమిచ్చిన చంద్రమౌళి సార్‌కు, చీనీకాయలకూ నిజం విని నీళ్ల సంగతి చెప్పినందుకూ రెడ్డెప్ప సార్‌కు కృతజ్ఞతలు. ఓబులమ్మకూ చెప్పుకోవాలి. ఆమె సలహా తప్పే, అయినా మాకు ఇల్లు దొరకాలని నిజంగా కోరుకుంది. ఊరగాయ వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తెచ్చిన పద్మావతమ్మకు క్షమాపణ. ఇల్లిచ్చిన ఈశ్వరమ్మకు, ఇల్లివ్వని రామసుబ్బమ్మకు నా నమస్కారాలు.

చివరిగా మా మేఘనకు. మార్కర్ మూత తీసి, రాయకుండా ఆగినందుకు.